కోరంగి మూడు లక్షల లెక్క

బంగాళాఖాతంలో వాయుగుండం అనే మాట వినపడగానే ప్రతి ఏడాదీ వాట్సాప్‌లో ఒక జాబితా తిరగడం మొదలవుతుంది. ప్రపంచ చరిత్రలోనే ఘోరమైన తుపాన్లట. 1970 నాటి భోలా తుపాను పక్కనే మన కోరంగి కూడా ఉంటుంది. 1839 నవంబరు 25, నలభై అడుగుల ఉప్పెన, 20,000 ఓడలు ముక్కలు, 3,00,000 మంది మృతి. కింద ఎవరో ఒకరు “మన కాకినాడ దగ్గరే!” అని ఏడుపు బొమ్మ పెడతారు. ఆ కాసేపు మనకు ఒకలాంటి గొప్ప. ఇంత పెద్ద విపత్తు మా జిల్లాలోనే జరిగిందని.

నేను ఆ లెక్క నమ్మను. తప్పుడు లెక్క కావడం ఒక్కటే నా బాధ కాదు. రెండు వందల ఏళ్ళు ఓడలు కట్టిన, ఓడలు నడిపిన, ఓడలెక్కి దేశాలు పట్టిపోయిన ఒక చిన్న ఊరి కథంతా ఈ ఒక్క అంకె కింద పడి కనపడకుండా పోయింది. కోరంగి గురించి ఇవాళ ఎవరినైనా అడిగి చూడండి. “ఆ ఊరు ఉప్పెనకి పోయిందట కదా” అంటారు, లేదా “మడ అడవులు, బోటింగు బాగుంటుంది” అంటారు. ఈ రెంటి మధ్యా ఏం జరిగిందో చెప్పేవాళ్ళు తక్కువ.

ముందు లెక్క సంగతి తేలుద్దాం.

అప్పట్లో కోరంగి రాజమండ్రి జిల్లాలో ఉండేది. ఆ జిల్లా మొత్తం జనాభా 1821 ప్రాంతంలో 7,38,308. ఇరవై ఏళ్ళ తరవాత, 1841లో, 5,61,041. అంటే తగ్గింది 1,77,000 చిల్లర. ఆ ఇరవై ఏళ్ళలో ఏమేం జరిగాయో గుర్తు చేసుకోండి. 1832-33లో నందన కరువు వచ్చింది. కలరా వచ్చింది. పన్నులు కట్టలేక రైతులు పక్క జిల్లాలకు వలస పోయారు. చెరువులు, కాలువలు పట్టించుకున్నవాడు లేడు. ఇన్ని కారణాలు కలిపితే తగ్గింది రెండు లక్షల లోపు. అలాంటప్పుడు ఒక్క రాత్రిలో, ఒక్క రేవులో, మూడు లక్షల మంది ఎలా పోతారు? ఉప్పెనకు ముందు జిల్లా జనాభా ఎనిమిదిన్నర లక్షలు ఉండాలి మరి. కరువు తరవాత జిల్లాలో అంతమంది లేరు.

ఇంకో సంగతి. 1844లో హెన్రీ మాంట్‌గొమరీ అనే ఇంగ్లిషు అధికారి ఈ జిల్లా ఎందుకు చితికిపోయిందో విచారించి నివేదిక ఇచ్చాడు. ఆ తరవాతే కాటన్ దొర ఆనకట్టకు కదలిక వచ్చింది, 1847లో పని మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. వాళ్ళ వాదనంతా కరువు మీద, నీళ్ళు వృథాగా సముద్రంలో కలిసిపోవడం మీద, పాలన సరిగా లేకపోవడం మీద నడిచింది. అయిదేళ్ళ కిందటే జిల్లాలో మూడో వంతు మందిని సముద్రం మింగి ఉంటే, డబ్బు కోసం మద్రాసుకూ లండనుకూ అన్ని ఉత్తరాలు రాసినవాళ్ళు ఆ మాట దాచుకుంటారా?

ఓడల లెక్క ఇంకా తమాషా. ఇరవై వేల పడవలు, ఒక్కొక్కటి పది మీటర్లే అనుకున్నా, ముక్కుకి తోక ఆనించి నిలబెడితే 200 కిలోమీటర్లు. కాకినాడ నుంచి వైజాగ్ దాటిపోతుంది. కోరంగి ఏటిలో అవన్నీ ఎక్కడ కట్టారో!

తుపాను రాలేదని నా వాదన కాదు. వచ్చింది, జనం చచ్చిపోయారు, అందులో సందేహం లేదు. కాకినాడ అఖాతం లోతు తక్కువ. ఈశాన్యపు గాలి, పోటు ఒకేసారి వస్తే నీళ్ళు పోయే దారిలేక ఏటి మొగల్లోంచి ఊళ్ళ మీదకి ఎక్కుతాయి. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన అంటే ఏమిటో మన కాలంలోనే చూశాం. ఫోన్లు, రేడియోలు, ప్రభుత్వ యంత్రాంగం ఉన్న రోజుల్లో పదివేల ప్రాణాలు పోయాయి. కాబట్టి కోరంగిలో వేలల్లో పోయి ఉంటే ఆశ్చర్యం లేదు. వేలకీ లక్షలకీ తేడా ఉంది, అంతే.

తేదీలు కూడా పుస్తకానికొకటి. ఇంగ్లిషు దొరలు రాయించిన జిల్లా వివరాల పుస్తకాలు, గెజిటీర్లు, 1787, 1832 అంటాయి. నావికుల పుస్తకాల్లో 1789 డిసెంబరు, ఒకదాని వెంట ఒకటి వచ్చిన మూడు అలలు అని ఉంటుంది. జాబితాల్లో 1789, 1839. యాభై ఏళ్ళలో ఈ తీరం చాలా దెబ్బలు తింది, అందులో ఎక్కువ భయపెట్టే రెండింటిని ఏరి జాబితాలోకి ఎక్కించారు. నిజంగా జరిగినదానికీ ఏరుకున్నదానికీ మధ్య జారిపోయింది ఊరే.

ఇంతకీ ఆ ఊరు ఎలాంటిది?

కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుని వెళ్తే చొల్లంగి దాటాక వస్తుంది. తాళ్ళరేవు మండలం. గౌతమి పాయ యానాం చేరకముందే దాన్నుంచి ఒక చీలిక ఉత్తరంగా తిరిగి కాకినాడ అఖాతంలో కలుస్తుంది. ఆ చీలిక ఒడ్డున కోరంగి. సముద్రం ఎదురుగా కనపడదు, కానీ సముద్రం గాలి తగులుతూనే ఉంటుంది. ఓడకి కావలసింది అదే. బయట అలలు ఎంత ఎగిరిపడుతున్నా లోపల ఏట్లో నీళ్ళు నిలకడగా ఉంటాయి. ఓడను లోపలికి తెచ్చుకుని, అడుగు చెక్కలు మార్చుకుని, కొత్త తెరచాప ఎత్తుకుని పోవచ్చు. కలకత్తాకీ ట్రింకోమలీకీ మధ్య ఇంత పెద్ద తీరంలో పెద్ద ఓడను మరమ్మతు చేసుకోవడానికి వేరే చోటు లేని రోజులు ఉండేవి.

చుట్టుపక్కల చూడండి. ఇంజరంలో ఇంగ్లిషువాళ్ళ ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలు కాదు, బట్ట కొనే గిడ్డంగి, 1708 నుంచి ఉంది. కూతవేటు దూరంలో నీలపల్లి. దాన్ని ఆనుకుని ఫ్రెంచివాళ్ళ యానాం, అది 1954 దాకా వాళ్ళ చేతిలోనే ఉంది. జగన్నాథపురంలో డచ్చివాళ్ళు. పావుగంట తెడ్డు వేస్తే ఒక దేశం జెండా నుంచి ఇంకో దేశం జెండాకి చేరేవాళ్ళు. సాలెవాళ్ళు నేసిన బట్ట ఏ దొరకి అమ్మినా ఓడ మాత్రం కోరంగిలోనే కట్టాలి, కోరంగి కలాసీలే, అంటే ఓడ పనివాళ్ళే, నడపాలి.

1802లో ఎబెనెజర్ రోబక్ అనే ఇంగ్లిషువాడు ఇక్కడ ఓడలు ఎక్కించి మరమ్మతు చేసే డాకు ఒకటి కట్టించాడు. బ్రిటిష్ నౌకాదళం ఓడ ఆల్బట్రాస్‌ను అందులోకి ఎక్కించారు. ఈ సంవత్సరం మీద కొంచెం ఆగండి. మూడు అలలు వచ్చి ఊరంతా తుడిచిపెట్టుకుపోయిందని చెప్పేది 1789లో. పదమూడేళ్ళకే ఒక వ్యాపారి అదే ఊళ్ళో యుద్ధనౌకలు పట్టే డాకు కట్టడానికి తన డబ్బు పెట్టాడు. డబ్బున్నవాడు శ్మశానంలో పెట్టుబడి పెట్టడు. అక్కడ వడ్రంగులు ఉన్నారు, కమ్మరులు ఉన్నారు, కలప వస్తోంది, నడిపే సరంగులు ఉన్నారు, కాబట్టే పెట్టాడు. మనం ఆయన పేరు రాసుకున్నాం. చెక్క కోసినవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు.

మా అమ్మమ్మ వాళ్ళది ఆ వైపే. చిన్నప్పుడు సెలవలకి వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన సగం కట్టిన పడవలు పక్కటెముకలతో నిలబడి ఉండేవి. ఇప్పటికీ ఉంటాయి. తుమ్మ కొమ్మల్లో సహజంగా వంపు తిరిగినవి చూసి ఏరతారు, పక్కటెముకలకి. చెక్కల మధ్య సందుల్లో దూది దూర్చి గుగ్గిలం కొడతారు. కాగితం మీద ప్లాను ఉండదు. ఈ మధ్య వెళ్ళినప్పుడు ఒక పెద్దాయనతో మాటల్లో పడి, “మేస్త్రీ గారూ, ఉప్పెనలో ఊరంతా పోయిందంటారు, నిజమేనా?” అని అడిగాను.

“ఆయ్, ఎక్కడికి పోద్దండీ? ఇక్కడే ఉన్నాం కదండీ మేము,” అన్నాడు. మళ్ళీ తనే, “ఉప్పెనలు వచ్చాయండి. వస్తే ఏంటి, పడవ పోతే ఇంకో పడవ కట్టాలి కదండీ. మా పనే అది,” అని ఉలి తీసుకున్నాడు.

నాకు ఏ గెజిటీరు చెప్పనిది ఆయన చెప్పాడనిపించింది. ఉప్పెన తరవాత ఈ ఊళ్ళో పని పెరుగుతుంది గానీ తగ్గదు. మరి కోరంగి రేవు ఎందుకు పోయింది?

మట్టి వల్ల పోయింది. గోదావరి ప్రతి వానాకాలం తెచ్చే ఒండ్రు ఏటి మొగలో పేరుకుంటూ వచ్చింది. ఆ మట్టీ ఇసకా బయట సముద్రంలో ఉత్తరంగా జరుగుతూ, పదహారు కిలోమీటర్ల పొడుగు దిబ్బ అయి కూర్చుంది. అదే ఇవాళ మనం పిక్నిక్కుకి వెళ్ళే హోప్ ఐలాండ్. కాకినాడకి అలల నుంచి అడ్డుగోడ అది, కోరంగి గొంతులో అడ్డంపడ్డ ఎముకా అదే. ఆ దిబ్బ ఒక్క రాత్రిలో పెరగలేదు కాబట్టి ఏ జాబితాలోనూ దానికి చోటు లేదు.

మట్టి ఒక్కటే అయితే తవ్వించుకునేవాళ్ళు. తవ్వించాలన్న అవసరమే ఎవరికీ లేకుండా పోయింది. మాంచెస్టర్ మిల్లు బట్ట రావడంతో ఇంజరం నేత పడిపోయింది. 1833 చార్టర్ చట్టంతో ఈస్టిండియా కంపెనీ వ్యాపారమే మానేసింది. చెక్క ఓడల స్థానంలో ఇనప ఓడలు, తెరచాపల స్థానంలో ఆవిరి యంత్రాలు వచ్చాయి. వాటికి లోతు కావాలి, ఏట్లోకి రావు, సముద్రంలో దూరంగా ఆగి చిన్న పడవల్లో సరుకు దింపించుకుంటాయి. ఆ పని కాకినాడలో తేలిక. ఆనకట్ట కట్టాక వచ్చిన కాలువల పడవలు సామర్లకోట మీదుగా సరుకుని తిన్నగా కాకినాడలోనే దింపాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోతే, ఇక్కడి పత్తికి గిరాకీ పెరిగి కాకినాడ దశ తిరిగింది. ఆ తరవాత రైలు కూడా కాకినాడకే వచ్చింది.

ఇందులో ఎవరో చేసిన కుట్ర ఏమీ లేదు. కాకినాడవాళ్ళం మనం ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరిని తిని పెద్దవాళ్ళమయ్యాం, ఆ నెపం ఉప్పెన మీదకి తోసేశాం. కొంచెం గట్టిగా అన్నానేమో. కానీ “సముద్రం మింగేసింది” అనే మాటలో ఒక సుఖం ఉంది. ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, ఎవరి తప్పూ లేదు. “సరుకు వేరే దారిలో పోయింది, పనివాళ్ళకి కూలి దొరక్క ఊరు వదిలారు” అంటే మాత్రం ఎక్కడికి వెళ్ళారని అడగాల్సి వస్తుంది.

ఎక్కడికంటే, రంగం. రంగూన్‌ని మన పెద్దవాళ్ళు అలాగే అనేవారు. బర్మాలో తెలుగువాడు ఏ జిల్లావాడైనా, శ్రీకాకుళం నుంచి వెళ్ళినా విశాఖ నుంచి వెళ్ళినా, వాడి పేరు అక్కడ కోరంగీ. ఓడ ఎక్కిన రేవు పేరే జాతి పేరైపోయింది. తరవాత ఓడలు కాకినాడ నుంచీ వైజాగ్ నుంచీ బయలుదేరినా ఆ పేరు మారలేదు. వరికోతలకి వెళ్ళారు, బియ్యం మిల్లుల్లో, కోత మిల్లుల్లో, రేవులో బస్తాలు మోశారు, వీధులు ఊడ్చారు. 1931 నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నర దాటారు.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మావాళ్ళని పనిలోకి తీసుకున్నారు. సమ్మె తేలాక తెలుగువాళ్ళని మళ్ళీ తీసుకుని బర్మావాళ్ళని పొమ్మన్నారు. మే 26న కొట్లాట మొదలైంది, రోజుల తరబడి సాగింది, వందమందికి పైగా చచ్చిపోయారు. అందులో ఎక్కువమంది కోరంగీలు. ఇది ఏ తుపాను జాబితాలోనూ ఉండదు, మన పాఠ్యపుస్తకాల్లోనూ నాకు కనపడలేదు. ఉప్పెనలో పోయినవాళ్ళని లక్షల్లోకి పెంచి చెప్పుకున్న మనం, వీళ్ళని వందల్లో కూడా తలుచుకోలేదు.

జపాన్‌వాళ్ళు 1942లో బర్మా మీద పడ్డప్పుడు అడవుల వెంట నడిచి వచ్చినవాళ్ళు వచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. 1964 ప్రాంతంలో బర్మా సైనిక పాలకుడు నె విన్ సర్కారు వ్యాపారాలు లాక్కున్నాక మిగిలినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చారు. వైజాగ్‌లో బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే. మా అమ్మమ్మ పెదనాన్న ఒకాయన రంగం వెళ్ళి తిరిగి రాలేదు. “రంగం వెళ్ళాడు” అనేవారు తప్ప “పోయాడు” అనేవారు కాదు. కర్మ చేయాలా వద్దా అని ఇంట్లో చాలా ఏళ్ళు తర్జనభర్జన పడ్డారట.

మారిషస్‌లోనూ ఇంతే. అక్కడి తెలుగువాళ్ళనీ కోరంగీలనే అనేవారు. తమ పూర్వీకులు 1843లో ‘కొరింగా ప్యాకెట్’ అనే ఓడలో వచ్చారని వాళ్ళు చెప్పుకుంటారు. 1839లో మూడు లక్షల మందితో, ఇరవై వేల ఓడలతో ఊడ్చుకుపోయిందన్న రేవు పేరు, నాలుగేళ్ళకే హిందూ మహాసముద్రం దాటుతున్న ఓడ మీద ఉంది! ఆ పేరుగల ఓడే 1845లో ఆస్ట్రేలియా పక్కన కోరల్ సముద్రంలో ఒక దీవి దగ్గర పగిలిపోయింది. ఆ ఓడ పేరు మీదే అక్కడి చిన్న దీవులకి కొరింగా దీవులని పేరు పెట్టారు. 1982లో ఆస్ట్రేలియా ప్రభుత్వం వాటిని కొరింగా-హెరాల్డ్ అని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. మనుషులుండని ఆ పగడపు దిబ్బల మీద పక్షులూ తాబేళ్ళూ గుడ్లు పెట్టుకుంటాయి. ఆ పేరు గోదావరి పక్కన తుమ్మచెట్ల ఊరిదని అక్కడ ఎంతమందికి తెలుసో. ఇక్కడ మాత్రం ఎంతమందికి తెలుసు?

అక్కడ పక్షులు, ఇక్కడ మడ అడవి. 1978లో కోరంగి చుట్టూ 235 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది. నల్లమడ, తెల్లమడ, తిల్ల చెట్లు, నీటిపిల్లులు, చెక్కల నడకదారి, ఆదివారం రద్దీ. అడవిని కాపాడటం మంచిదే, నాకు ఫిర్యాదు లేదు. రేవు పూడిన ఒండ్రు మీదే ఆ చెట్లు లేచాయి, ఇప్పుడు అవే అలలకి అడ్డం నిలబడి ఊళ్ళని కాస్తున్నాయి. కాకపోతే నడకదారి మీద సెల్ఫీ దిగే మనకి ఇదంతా ఎప్పుడూ అడవేనన్నట్టు అనిపిస్తుంది. ఈ విషయంలో సప్తసాగర యాత్రవాళ్ళు నయం. చొల్లంగి అమావాస్యకి గోదావరి తుల్యభాగ పాయ దగ్గర మునిగి, తరవాత కోరంగిలో ఆత్రేయ పాయ దగ్గర స్నానం చేసి, పాయ పాయా తిరిగి అంతర్వేది చేరతారు. వాళ్ళకి కోరంగి ఎప్పుడూ పోలేదు.

“మూడు లక్షలా ముప్పై వేలా, రెండు వందల ఏళ్ళ కిందటి సంగతి, ఇప్పుడెందుకు?” అని ఒక స్నేహితుడు విసుక్కున్నాడు. 1996 వల్ల, అన్నాను. ఆ ఏడాది నవంబరు 6 సాయంత్రం తుపాను ఈ తీరాన్నే కొట్టింది. వెయ్యికి పైగా చనిపోయారు, భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకారుల ఊళ్ళు గుల్లయ్యాయి. వేటకి వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎందరో. శవం దొరకనివాడు కాగితం మీద చచ్చినవాడు కాదు, గల్లంతైనవాడు. అప్పటి సాక్ష్యాధార చట్టం ప్రకారం ఏడేళ్ళు ఆచూకీ లేకపోతేనే చనిపోయినట్టు లెక్క. ప్రభుత్వం ప్రత్యేకంగా సడలిస్తే తప్ప భార్యకి పరిహారమూ లేదు, పింఛనూ లేదు. ఈ తీరంలో ఎంతమంది అనే ప్రశ్న ఇంటింటికీ బియ్యంతో ముడిపడ్డ ప్రశ్న. ఒక్కొక్కడి పేరూ లెక్కలో పడటానికి ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవాళ్ళున్న జిల్లాలో, నోటికొచ్చిన మూడు లక్షలని గర్వంగా ఫార్వర్డ్ చేయడం నాకు మింగుడుపడదు.

తాళ్ళరేవు, నీలపల్లి, ఇంజరం, కోరంగి వైపువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మీ ఇళ్ళల్లో రంగం నుంచి వచ్చిన ఉత్తరాలు, ఓడ టికెట్లు, మనియార్డరు కూపన్లు, పడవ అమ్మిన దస్తావేజులు, తాతగారి సరంగు సర్టిఫికెట్టు లాంటివి ఉంటే పాత సామాన్లవాడికి వేసేయకండి. చెదలు పట్టకముందే ఫోన్‌తో ఫోటోలు తీసి, ఎవరివో, ఏ ఊరో వెనకాల రాసి పెట్టండి. పెద్దవాళ్ళు ఉంటే ఏ ఏడాది వెళ్ళారు, ఏ రేవులో ఎక్కారు, వెంట ఎవరు వెళ్ళారు అని అడిగి రికార్డు చేయండి. వ్యాఖ్యల్లో పేర్లు పెట్టకండి, నాకు మెయిల్ చేయండి చాలు.